నాలుగు లక్షల జపం తరువాత

కుతూహలం, జిజ్ఞాస అనే మాటలను వాడుకలో ఒకదాని బదులు ఒకటి వాడుతుంటారు గాని, వాటి బరువులు వేరు. తెలుసుకోవడమనే అర్థమున్న ‘జ్ఞా’ ధాతువుకు కోరికను సూచించే ప్రత్యయం చేరితే ఏర్పడిన జిజ్ఞాసలో తెలుసుకోకుండా ఉండలేని తపన ఉంటుంది. కుతూహలం వీధిలో గొడవ వినబడితే గుమ్మంలోకి తొంగిచూసినంత మాత్రాన తీరిపోతుంది. క్రైస్తవ చింతకులు కూడా ఈ తేడాను చాలా ముందే పట్టుకున్నారు. పంతొమ్మిదో ఏట సిసెరో గ్రంథం చదివి సత్యాన్వేషణలో పడి, తొమ్మిదేళ్లకు పైగా మానికేయుల (వెలుగుకూ చీకటికీ మధ్య నిత్యయుద్ధమే సృష్టి అని నమ్మిన మతస్థుల) వెంట తిరిగి, చివరికి 387లో మిలాన్‌లో బాప్తిస్మం పొందిన అగస్టీన్, తన ఆత్మకథలో కుతూహలాన్ని కంటి దురాశగా లెక్కకట్టి దోషాల జాబితాలోనే చేర్చాడు. అన్వేషణ వల్లనే విశ్వాసానికి చేరిన మనిషి కుతూహలాన్ని నిందించడం వింతగా తోచవచ్చు గాని, ఆయన తప్పుపట్టింది ప్రశ్నను కాదు, ప్రశ్నకు మూల్యం చెల్లించడానికి ఇష్టపడని మనసును.

ఆ మూల్యం ఎంతటిదో చూపడానికి తెలుగు క్రైస్తవ చరిత్ర తొలి పుటల్లో కనిపించే ఆనందరాయరు అనే బ్రాహ్మణుని వృత్తాంతం ఒక్కటే చాలు. పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో విశాఖపట్నంలోని లండన్ మిషనరీ సొసైటీ వారు రాసి పంపిన లేఖల ద్వారా అది ఇంగ్లీషు పాఠకులకు చేరింది. ఒక పెద్ద ఉపదేశించిన మంత్రాన్ని నాలుగు లక్షల సార్లు జపిస్తే మోక్షం కలుగుతుందని నమ్మి, ఆయన గుడిలో కూర్చుని, కఠిన నియమాలు పాటిస్తూ, ఆరు నెలల్లో ఆ లెక్క పూర్తిచేశాడట. రోజుకు రెండు వేల పైచిలుకు జపమన్నమాట. నూట ఎనిమిది పూసల జపమాలతో లెక్కిస్తే రోజూ ఇరవై చుట్లు తిప్పినా ఇంకా కొంత మిగులుతుంది. ఇది కుతూహలంతో సాగే పని కాదు. అంత చేసినా మనసుకు ఊరట దొరకక ఆయన ఇంటిదారి పట్టినప్పుడు, దారిలో కలిసిన ఒక రోమన్ కాథలిక్కు తెలుగులో ఉన్న రెండు క్రైస్తవ పుస్తకాలు చేతిలో పెట్టాడు.

వాటిని శ్రద్ధగా చదివిన ఆనందరాయరు వెంటనే మతం మార్చుకోలేదనేదే ఇక్కడ గమనించదగిన సంగతి. మరికొంత విచారించి, తృప్తి కలిగితేనే స్వీకరించాలనుకున్నాడు. విచారణ అంటే ముందువెనుకలు చూసి నిజానిజాలు తేల్చుకోవడం. ఆయన ఆశ్రయించిన కాథలిక్కు గురువు మాత్రం ఈ అన్వేషకుణ్ణి అంత తేలిగ్గా నమ్మక, ముందు ఇంటికి, భార్య దగ్గరికి వెళ్లి రమ్మన్నాడు. ఇంటి దగ్గర బంధువులు సొమ్మూ ఆస్తి పెత్తనమూ చూపి ఆపబోయారు. తలుపు తట్టిన మనిషిని లోపలివాళ్లూ బయటివాళ్లూ ఒకేలా అనుమానించిన ఈ ఘట్టాన్ని మిషను చరిత్రలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి, నిజానికి కథంతా అక్కడే ఉన్నా. చివరికి ఆయన ఆ గురువు చేతనే బాప్తిస్మం పొంది, తరువాత డేనిష్ మిషను ఉన్న తరంగంబాడికి చేరాడు. ఈ వివరాలన్నీ ఆయన్ను చేర్చుకున్నవారి కలం నుంచే వచ్చాయి కనుక కాస్త జాగ్రత్తగానే చదవాలి.

చదువుకున్నవారికి పుస్తకం చేసిన పనిని చదువు అందనివారికి నడక చేసింది. తలకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ల వర్తకుడు యెర్రగుంట్ల పేరయ్య, రాజయోగాన్ని (మూర్తి పూజను పక్కనబెట్టి ధ్యానంతో సత్యాన్ని వెదికే మార్గాన్ని) సాధన చేస్తూ, తానే ఇతరులకు గురువైనవాడు. వ్యాపారం మీద ఉత్తర దిక్కుగా వెళ్లినప్పుడు ఏలూరు ప్రాంతంలో క్రీస్తు బోధ ఆయన చెవిన పడింది. 1866లో భార్యతో కలిసి ఒంగోలు వెళ్లి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ చేత బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి ఏడు జనవరిలో అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ తలకొండపాడు వచ్చేసరికి, పేరయ్య మాట విని సిద్ధమైనవాళ్లే ఆయనకు ఎదురయ్యారు. కొద్ది రోజుల్లోనే 28 మంది బాప్తిస్మం పొందారు. యోగసాధనలో అలవడిన గురుశిష్య పద్ధతి, ఊరి నుంచి ఊరికి తిరిగే వర్తకుడి నడక, రెండూ కొత్త బోధ వెంటే వచ్చాయని చెప్పాలి. వెదికేవాడు ఖాళీ చేతులతో రాడు, పాత సాధన పనిముట్లను చేతపట్టుకునే వస్తాడు.

ఆనందరాయరు విషయంలోనూ అదే జరిగింది. ఆ తరువాత విశాఖపట్నం చేరి, లండన్ మిషనరీ సొసైటీకి చెందిన అగస్టస్ డెస్ గ్రాంజెస్‌తో కలిసి సువార్తల తెలుగు అనువాదానికి కూర్చున్నప్పుడు, ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ పలికి చూసే ఓపిక ఆయనకు కొత్తగా నేర్చుకోవలసినది కాదు. 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. వెదికేవారికి దొరుకుతుందన్న క్రీస్తు బోధ ఆ మత్తయి ఏడో అధ్యాయంలోనే ఉంది కనుక, దానికి తగిన తెలుగు క్రియను ఎంచుకోవలసిన పని, ఆరు నెలలు జపం లెక్కపెడుతూ వెదికి చూసిన ఆ మనిషి ముందుకే వచ్చింది.