ఆ చేతులెవరివి? - రత్లాం తీర్పు మీద కొన్ని ప్రశ్నలు

మునిసిపాలిటీ మీద మామూలు జనం గెలిచిన కేసేదంటే లా చదివినవాళ్లు ముందుగా చెప్పే పేరు రత్లాం. 1980 జూలై 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఈ తీర్పుని పర్యావరణ చట్టం పాఠాల్లోనూ, ప్రజాప్రయోజన వ్యాజ్యాల చరిత్రలోనూ ఇప్పటికీ మెచ్చుకుంటూనే చెప్తారు. తీర్పు రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. ఆయనతో బెంచి మీదున్నది తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఇద్దరూ పేదల పక్షమని పేరున్నవాళ్లే. ఈ తీర్పుని ఎంచుకోడానికి మాకదే కారణం. పేదలంటే పడనివాళ్లు రాసిన తీర్పుల్లో తప్పులు పట్టడం తేలిక. మన పక్షం అనుకునేవాళ్ల రాతలో మనం ఎక్కడున్నామో వెతుక్కోవడమే కష్టం.

ముందు కేసు సంగతి. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్నంలో ఒక వార్డు జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. మురుగు కాలవల్లేవు. పక్క మురికివాడలో మరుగుదొడ్లు లేక జనం రోడ్డు పక్కనే కూర్చోవాల్సొస్తోంది. ఆల్కహాల్ ఫ్యాక్టరీ వదిలే నీళ్లు వీధిలోకొస్తున్నాయి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు మునిసిపాలిటీని పని చెయ్యమన్నాడు. సెషన్స్ కోర్టు దాన్ని కొట్టేసింది, హైకోర్టు మళ్లీ నిలబెట్టింది. మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోయింది. డబ్బుల్లేవంది. ఆ కంపు తెలిసే అక్కడ ఇళ్లు కట్టుకున్నారు కదా అని కూడా వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. చట్టం అప్పజెప్పిన బాధ్యతని ఖజానా ఖాళీ అనే సాకుతో తప్పించుకోడానికి వీల్లేదంది. దొడ్లు కట్టివ్వకపోతే పేదోళ్లు ఏం చేస్తారని కూడా అడిగింది. ఇంతవరకూ ఈ తీర్పు గొప్పదే. మేం కాదనం.

ఇప్పుడు చివరి ఆదేశాలు చూడండి. ఆర్నెల్లలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరుగా సరిపోయినన్ని దొడ్లు కట్టాలి. నీళ్లివ్వాలి. పొద్దునా, సాయంత్రం 'స్కావెంజింగ్ సర్వీసు' పెట్టాలి. మన భాషలో చెప్పాలంటే రోజుకి రెండుపూటలా పాకీపని. నీళ్లూ, పాకీపనీ ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉన్నాయి. నీళ్లు గొట్టంలోంచి వస్తాయి. మరి ఈ సర్వీసు ఎక్కణ్ణించి వస్తుంది? ఏ వాడలోంచి, ఏ కులంలోంచి వస్తుంది? ఆ ఆదేశంలో ఆ ప్రశ్నే లేదు. జవాబు దేశంలో అందరికీ తెలిసిందే గనక అడగాల్సిన అవసరం ఎవరికీ కనపళ్లేదు.

ఆ మాటకి మొత్తం పారిశుధ్యం అనే అర్థం కూడా ఉందిగదా అని ఎవరైనా అనొచ్చు. ఉండొచ్చు. ఏ అర్థం తీసుకున్నా చీపురు పట్టేది ఒకే చెయ్యి. అప్పటికి చట్టం లేదుగదా అని ఇంకొకరు అనొచ్చు. 1950 నుంచీ రాజ్యాంగంలో 17వ అధికరణం ఉంది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టాన్ని 1976లో సవరించి, అంటరానితనం పేరుతో ఎవరిచేతైనా బలవంతంగా పాకీపని చేయిస్తే నేరమని రాసుకున్నారు. రత్లాం తీర్పు దానికి నాలుగేళ్ల తర్వాతది. పాకీపనికీ అంటరానితనానికీ ఉన్న ముడిని పార్లమెంటే ఒప్పుకుంది. నగరపాలన గురించి అంత గొప్పగా రాసిన తీర్పు, తను పెట్టమన్న ఆ పని దగ్గర మాత్రం ఆ ముడి జోలికి పోలేదు.

మా వాదన ఇది. నగరం మీద వేసే కేసులో కోర్టు ఇద్దర్నే చూస్తుంది: పన్ను కట్టే పౌరుడు, పని చెయ్యని మునిసిపాలిటీ. మూడో మనిషి ఇద్దరికీ మధ్య గోతిలో ఉంటాడు. పౌరుడు గెలిచిన ప్రతిసారీ వీడికి పని పెరుగుతుంది, హక్కు పెరగదు.

ఈ మూడోమనిషి కోర్టుకొస్తే ఏమైందో కూడా చూద్దాం. అతను ఎక్కువగా చచ్చాకే కోర్టుకొచ్చాడు. ఢిల్లీలో కాంట్రాక్టరు కింద పనిచేస్తూ ఒక డ్రైనేజి కార్మికుడు చనిపోయాడు. కాంట్రాక్టరు ద్వారా ఇచ్చిన 1.71 లక్షలు కాక ఇంకో 79 వేలు జమచెయ్యమని హైకోర్టు జల్ బోర్డుకి చెప్పింది. ఆ మధ్యంతర ఆదేశాల మీద జల్ బోర్డు సుప్రీంకోర్టుకెక్కింది. రత్లాం మునిసిపాలిటీ గుణమే దేశ రాజధానికీ ఉందన్నమాట. 2011 జూలై 12న సుప్రీంకోర్టు బోర్డుని మందలించి, మొత్తం 5 లక్షలయ్యేలా 3.29 లక్షలు ఇమ్మంది.

అంతకుముందే 2003లో సఫాయి కర్మచారీ ఆందోళన్ సుప్రీంకోర్టుకి వెళ్లింది. దాన్ని ముందుండి నడిపినవాళ్లలో బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర పాకీపని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవాడు. పదకొండేళ్లకి, 2014 మార్చి 27న తీర్పొచ్చింది. 1993 నుంచి డ్రైనేజిల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలివ్వాలంది. 2023 అక్టోబర్ 20న ఇంకో తీర్పు దాన్ని 30 లక్షలు చేసింది. ఈ డబ్బు కావాలి. ఇంటిమనిషిని పోగొట్టుకున్న ఆడకూతుర్ని అడిగితే ఎంత అవసరమో చెప్తుంది. కాని శవం ధర పెరగడాన్ని న్యాయం పెరగడం అనుకోలేం.

చట్టం రాతలోనూ తిరకాసుంది. 2013 చట్టం ప్రకారం సరైన పరికరాలతో, రక్షణ దుస్తులతో మలం ఎత్తితే అతను పాకీ కార్మికుడి కిందికే రాడు. తొడుగులిస్తే పని అదే, మనిషి అదే, కులం అదే. పేరొక్కటే పోతుంది. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో ఈ పనిని నిషేధిస్తూ ఆదేశమిచ్చింది. 1993లోనే నిషేధించినదాన్ని ముప్ఫై రెండేళ్లకి మళ్లీ నిషేధించాల్సొచ్చిందంటే, మధ్యలో ఈ నగరాల్ని ఎవరి చేతులు కడిగాయో వేరే చెప్పక్కర్లేదు.

మా ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం మేం. తీర్పుల్ని మేం చదవాల్సిన తీరు వేరేగా ఉంటుంది. ఎవరు గెలిచారన్న దగ్గర ఆగకుండా, గెలిచాక ఆ పని ఎవరి నెత్తిన పడిందో అడగాలి. నగరాన్ని శుభ్రం చెయ్యమని ఏ కోర్టు చెప్పినా ఇంకో నాలుగు ముక్కలు రాయమని అడగాలి: ఎవరు చెయ్యాలి, ఏ యంత్రంతో చెయ్యాలి, ఎవరి జీతం పట్టీలో ఉండాలి, మనిషి దిగితే ఏ అధికారి జైలుకెళ్లాలి. ఈ నాలుగూ లేని తీర్పు ఎంత గొప్పదైనా, దాని చివరి వాక్యాన్ని రాస్తున్నది కులమే.