ఇరువైపుల ఉత్తరాలు

నార్త్రప్ ఫ్రై పేరు కెనడా విశ్వవిద్యాలయాలలో సాహిత్యం చదివే మన పిల్లలకు తెలిసినదే. కవి బ్లేక్‌పై 1947లో వెలువడిన గ్రంథంతో ఆయన ప్రసిద్ధుడైనాడు. అంతకు ముందు, విద్యార్థి దశలో, హెలెన్ కెంప్‌తో 1932 నుండి 1939 వరకు సాగిన ఉత్తర ప్రత్యుత్తరాలను రాబర్ట్ డెన్హామ్ కూర్చగా టొరాంటో విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1996లో రెండు సంపుటాలుగా ప్రచురించింది. వీటిని ఒక మహావిమర్శకుని తొలి చరిత్రగా చదవడం పరిపాటి. అట్లా చదివితే సగమే చదివినట్టని మా అభిప్రాయం.

ఫ్రై 1929లో మాంక్టన్ నుండి టొరాంటోలోని విక్టోరియా కళాశాలకు వచ్చాడు. తండ్రి ఇనుప సామాను అమ్మేవాడు. ఇంట్లో డబ్బుకు కటకట. 1936లో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి ఎడ్మండ్ బ్లండెన్ వద్ద చదివాడు. అక్కడి నుండి వ్రాసిన ఉత్తరాలలో తెలివి మెరుస్తుంది, ఒక్కొక్కచోట మరీ ఎక్కువగా. తన తెలివిని తానే వింటున్నాడేమో అనిపిస్తుంది.

1934 వేసవి ఉత్తరాలు అట్లా కావు. చర్చి పనిమీద సస్కాచువాన్‌కు పంపారు. అనావృష్టితో ఎండిన మైదానాలు, దూరదూరంగా ఇళ్ళు. ఈ పుస్తకాల పురుగు కేటీ అనే గుర్రమెక్కి ఊరూరా తిరగాలి. అక్కడ గొప్పలకు తావు లేదు. ఒంటరితనం దాచుకోలేక బయటపడతాడు. ఆయన ఉత్తరాలలో మాకు నచ్చినవి ఇవే.

అయితే హెలెన్ ఉత్తరాలు అంతకన్నా మిన్న. 1934లో ఆమె చిత్రకళా చరిత్ర చదవడానికి లండన్‌లోని కోర్టోల్డ్ సంస్థకు వెళ్ళింది. ఆమె మనుషులను చూస్తుంది, గదులను చూస్తుంది, చేతిలోని డబ్బు లెక్క చూస్తుంది. 1937లో వారికి పెళ్ళయింది. మరుసటి ఏడు భర్త మళ్ళీ ఆక్స్‌ఫర్డ్ వెళితే, ఆమె టొరాంటోలో ఉద్యోగం చేస్తూ ఉండిపోయింది. ఆ ఎడబాటు బరువు ఆమె వైపు నుండి చదివితేనే తెలుస్తుంది.

మనవంటి వారికి ఇక్కడ మరొక మాట తోస్తుంది. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు చేరిన మన తాతముత్తాతలలో వ్రాత రానివారే ఎక్కువ. గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర. ఇంటికి జాబు వ్రాయించాలంటే మరొకరి చేయి. మనసులోని మాట ముందు వ్రాసేవాని చెవిన పడాలి. భార్యకు చెప్పుకోవలసినది అట్లా ఎంతవరకు చెప్పగలరు? అటు నుండి వచ్చే జవాబు కూడా మరొకరు చదివి వినిపించవలసినదే. ఫ్రై దంపతులకు డబ్బు లేకపోయినా ఆ చాటు ఉంది. విద్యార్థి పేదరికం వేరు, కూలివాని పేదరికం వేరు.

మన సంఘ గ్రంథాలయంలో రెండు సంపుటాలూ ఉండదగినవే. ఒక్కటే కొనగలిగితే మొదటిది కొనాలి. సస్కాచువాన్, లండన్ రెండూ అందులోనే ఉన్నాయి. తెలుగు తరగతుల పెద్ద పిల్లలచేత కొన్నింటిని అనువదింపజేయవచ్చు. అప్పుడు ఆయన ఉత్తరం పక్కనే ఆమె జవాబూ ఉండాలి.