మక్కలు కల్లు కావు: ఒక పటముపై విమర్శ

పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో ఎథనాలును గురించిన పటములు ఇంచుమించు ఒకే తీరున ఉండును. ఎడమవైపు మొక్కజొన్న కంకి, నడుమ ఒక తొట్టి, కుడివైపు పెట్రోలు బంకు, వీనిని కలుపుచు రెండు బాణపు గుర్తులు. బంకు బొమ్మకు వేసినన్ని రంగులు తొట్టికి వేయరు. మహేశ్వరంలో, శంషాబాదు విమానముల చప్పుడు నడుమ, ఇట్టి పటమునే ఇటీవల చూచితిని.

"మక్కలు నానబెట్టి ఈస్టు ఏస్తే పులుస్తది సార్. దాన్ని కాస్తే ఎథనాలు అయితది" అని ఎనిమిదవ తరగతి బాలుడు వివరించెను. పటములో ఉన్నదే అతడు చెప్పెను. లోపము పటమునందున్నది.

ఆ పటము మక్కలను కల్లుతో సమానముగా ఎంచినది. తాటి, ఈత చెట్ల నీరాలో చక్కెర సిద్ధముగా ఉన్నది. కుండలోనికి చేరిన ఈస్టు దానిని వెంటనే పులియజేయును. ఇప్పపువ్వు సంగతియు అంతే. మక్కలలో ఉన్నది పిండిపదార్థము, అనగా గ్లూకోజు అణువులు వేలకొలది గుచ్చిన దండ. ఈ దండను తెంచు కత్తెర మామూలు ఈస్టుకు లేదు. ఆ కత్తెర ఎమిలేస్ అను ఎంజైము. మన లాలాజలములోను ఉన్నది కనుకనే అన్నము ఎక్కువసేపు నమలిన తియ్యనగును. పలుచని గంజిలో అయొడిన్ చుక్క వేసిన నీలిరంగు వచ్చును. లాలాజలము కలిపి కొంతసేపు గోరువెచ్చగా ఉంచిన గంజిలో ఆ నీలిరంగు రాదు. ఏ పాఠశాలలోనైనను చేయదగిన ప్రయోగమిది.

కర్మాగారములో గింజలను పిండిచేసి, నీటిలో కలిపి, సుమారు 85 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఒక ఎంజైమును, 60 డిగ్రీల దరిదాపున మరియొకదానిని పనిచేయింతురు. తరువాత 32 డిగ్రీలకు చల్లార్చిననే ఈస్టు వంతు. పటములో ఈ మెట్టంతయు లోపించినది.

బరువు లెక్కయు లేదు. 180 గ్రాముల గ్లూకోజు పులిసిన 92 గ్రాముల ఎథనాలు, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వచ్చును. సగము గాలిలో కలిసినట్లే! 100 కిలోల మక్కల నుండి సుమారు 38 లీటర్ల ఎథనాలు లభించును. మిగిలిన మాంసకృత్తులు, క్రొవ్వు, పీచు ఎండబెట్టగా పశువులకు, కోళ్లకు దాణా అగును.

ఇక వేడి. పులిసిన ద్రవములో ఎథనాలు నూటికి 12, 14 పాళ్లకు మించి అంతగా ఉండదు. బట్టీపట్టగా బరువులో 95.6 పాళ్లకు చేరి ఆగిపోవును; మిగిలిన నీటిని జియోలైటు గుళికలు పీల్చవలెను. ఇంత ఇంధనము కాల్చి తీసిన లీటరు ఎథనాలులో సుమారు 21 మెగాజౌళ్ల శక్తి ఉన్నది. లీటరు పెట్రోలులో 32. అమెరికాలో డేవిడ్ పిమెంటెల్ ఈ వ్యవహారము నష్టమనెను. ఆ దేశపు వ్యవసాయశాఖ లాభమని లెక్క కట్టినది. ఎరువులకు ఎంత ఖర్చు వ్రాయవలెను, దాణాకు ఎంత జమ కట్టవలెను అనుదానిపై ఈ భేదము చాలవరకు ఆధారపడి ఉన్నది.

ఇది పరీక్షల కొరకైన చర్చ మాత్రమే కాదు. 1948లో మన దేశమున పవర్ ఆల్కహాల్ చట్టము వచ్చిననాడు ముడిసరుకు చక్కెర మిల్లుల మొలాసిస్. దానిలోను చక్కెర సిద్ధమే. 2023-24 సరఫరా సంవత్సరమునకు మక్కలే ముఖ్యమైన ముడిసరుకైనవి. కోళ్ల ఫారములకును కావలసినది ఆ గింజయే. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఎథనాలు కర్మాగారము వలదని రోడ్డుపై బైఠాయింపగా, ప్రభుత్వము పనులను నిలిపించినది. నీరెంత వాడుదురు, మిగిలిన మురికినీరు ఎటు పోవును అన్నవి వారి భయములు. పటములో నీటి కుళాయి లేదు, మురికి కాలువ లేదు.

ఆ బాలునికి కొత్త అట్ట ఇచ్చిన చాలును. మొదటి బాణము క్రింద "ఎంజైము" అనియు, తొట్టిపైన వాయువు బుడగలును, ప్రక్కన దాణా బస్తాయు, లోనికి వచ్చు నీరు, బయటకు పోవు నీరు, బొగ్గో ఊకో కాలుచున్న బాయిలరును గీయవచ్చును. చోటు చాలనిచో బంకు బొమ్మను చిన్నది చేయవలెను.