ఇత్తడి కాని ‘పసుపు’ రైఫిల్: వించెస్టర్ 1866 వర్ణనలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
పురాతన ఆయుధాల వర్ణనల్లో లోహాన్నీ, దాని ఉపరితల సంస్కారాన్నీ రంగును బట్టి నిర్ణయించడం తరచుగా కనిపిస్తుంది. ఇందువల్ల కలిగే పొరపాట్లను వించెస్టర్ 1866 రైఫిల్ ఆధారంగా చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గన్‌మెటల్, కంచు, ఇత్తడి, బ్లూయింగ్, పాటినా.

1. ప్రవేశిక:
అమెరికాలో తయారైన వించెస్టర్ 1866కు ‘యెల్లో బాయ్’ అన్న పేరు దాని రిసీవర్ రంగును బట్టి వచ్చింది. తూటాను గొట్టంలోకి చేర్చే యంత్రాంగాన్ని ఇముడ్చుకున్న మధ్యభాగమే రిసీవర్. పచ్చగా మెరుస్తుంది కనుక దాన్ని ఇత్తడి అనడం వాడుకైంది. నిజానికి అది గన్‌మెటల్.

2. లోహ నిర్ధారణ:
రాగిలో ప్రధానంగా జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. రాగి, తగరం, కొద్దిపాటి జింకు కలిసిన గన్‌మెటల్ కంచు వర్గానికి చెందుతుంది. ఒకప్పుడు ఫిరంగులను పోతపోసిన లోహం కనుక దానికా పేరు. నేడు ‘గన్‌మెటల్ రంగు’ అంటే ముదురు బూడిదరంగు అన్న వాడుక స్థిరపడటంతో గందరగోళం పెరిగింది. అయస్కాంతం ఇనుమును గుర్తించగలదు గాని, ఇత్తడినీ కంచునూ వేరుచేయలేదు. ఎక్స్-రే ఫ్లోరోసెన్స్ పరీక్ష వస్తువుకు హాని చేయకుండా మూలకాలను చూపుతుంది. అయితే అది ప్రధానంగా పైపొరనే చదువుతుంది కనుక, నికెల్ పూత ఉన్న రిసీవర్‌పై వచ్చిన ఫలితాన్ని అడుగు లోహానికి నేరుగా ఆపాదించకూడదు.

3. ఉపరితల సంస్కారం:
గొట్టం మీది బ్లూయింగ్‌ను ‘నీలి పూత’ అనడం రెండో పొరపాటు. అది పైనుంచి పూసిన పదార్థం కాదు. లోహపు పైపొరే నియంత్రిత రసాయన చర్యతో నల్లని ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. దాన్ని మళ్ళీ కొత్తగా చేయించేటప్పుడు సాధారణంగా పాత పొరను సానపట్టి తొలగిస్తారు. ఆ సానలో అంచుల పదును, ముద్రల లోతు తగ్గుతాయి. అక్షరాలు మొద్దుబారి, వన్నె మాత్రం కొత్తగా ఉంటే తిరిగి చేసిన మెరుగని అనుమానించాలి. రిసీవర్‌పై కాలక్రమంలో ఏర్పడిన పాటినాను, ఇంట్లో బిందెను చింతపండుతో తోమినట్లు తోమివేయడం సాక్ష్యాన్ని తుడిచివేయడమే. పోయిన పొరను ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

4. ముగింపు:
‘ఇత్తడి రిసీవర్, నీలి పూత’ అన్న వర్ణన చూపు మీద ఆధారపడిందే గాని పరిశోధన మీద కాదు. లోహం, సంస్కారం, ప్రస్తుత స్థితి అనే మూడింటినీ విడివిడిగా, ఆధారమైన పరీక్షతో సహా నమోదు చేయాలి. పరీక్ష జరగనప్పుడు ‘పసుపు వన్నె రాగి మిశ్రమం’ అని ఆగడమే శాస్త్రీయం. ఇత్తడికీ కంచుకూ వేర్వేరు పదాలున్న తెలుగులో ఈ భేదాన్ని చెరిపివేయడానికి భాషాపరమైన సాకు కూడా లేదు.