సింహసంజీవన కథ - లుప్తజంతు పునఃసృష్టి : ఒక పరిశీలనము

పంచతంత్రమందలి అపరీక్షితకారకమున సింహమును బ్రతికించిన పండితుల కథ యొకటి కలదు. నలుగురు మిత్రులలో మువ్వురు శాస్త్రపారంగతులు. నాలుగవవాడు శాస్త్రము నెరుగడు గాని బుద్ధిమంతుడు. ధనార్జనకై పోవుచు వారు అడవిలో ఒక మృతజంతువు ఎముకలను చూచిరి. ఒకడు వానిని కూర్చెను. ఒకడు చర్మమాంసరక్తములను కల్పించెను. మూడవవాడు ప్రాణము పోయబోయెను. ఇది సింహమని నాలుగవవాడు వారించినను వారు వినలేదు. అతడు చెట్టెక్కి బ్రతికెను. తక్కినవారు సింహమున కాహారమైరి. చిన్నయసూరి నీతిచంద్రిక మిత్రలాభ మిత్రభేదములకే పరిమితమగుటచే ఈ కథ అందు చేరలేదు. అయినను తెలుగు పాఠకులకు ఇది సుపరిచితమే.

అంతరించిన జంతువులను విజ్ఞానశాస్త్ర సహాయమున మరల పుట్టించు యత్నములు ప్రస్తావనకు వచ్చినపుడు ఈ కథ స్ఫురించుట సహజము. విద్యకంటె వివేకము గొప్పదను నీతిని గ్రహించి అంతటితో తృప్తిపడుట పరిపాటి. ఆ నీతి అసత్యము కాదు. కాని నేటి సమస్యకు ఈ కథలోని వేరొక అంశము ముఖ్యతరమని నా అభిప్రాయము.

నాలుగవవాడు చేసిన పని యెట్టిదో విచారింపవలెను. అతడు విద్యను నిందింపలేదు. ఎదుటనున్నది ఏ జంతువో గుర్తించి, దాని పేరు చెప్పెను. మువ్వురి దృష్టి తమ నేర్పునందు నిలిచినది. ఇతని దృష్టి వస్తువునందు నిలిచినది. కావున ఈ కథలో వివేకమనగా ముందుగా వస్తునిర్ణయము, భయము తరువాతిది.

ఈ కథయే సోమదేవుని కథాసరిత్సాగరమున, బేతాళకథలలో, మరియొక రూపమున కనబడును. అందు నలుగురును అన్నదమ్ములు, నలుగురును విద్యావంతులే. దొరికిన ఎముకకు ఒకడు మాంసమును, ఒకడు చర్మరోమములను, ఒకడు అవయవములను కల్పింపగా నాలుగవవాడు ప్రాణము పోసెను. సింహము నలుగురిని చంపెను. దోషమెవరిదని బేతాళుడడుగగా, ప్రాణము పోసినవానిదే యని త్రివిక్రమసేనుడు తీర్పు చెప్పెను. తక్కినవారికి అది యే జంతువో తెలియదు. ఇతడు సింహాకారమును కన్నులార చూచియు ప్రాణము పోసెను.

ఈ రెండు రూపముల భేదము గమనింపదగినది. పంచతంత్రమున వివేకము విద్యకు వెలుపల, చెట్టుమీద నున్నది. సోమదేవుని కథలో అట్టి చెట్టు లేదు. ఎరిగి చేసినవాడే బాధ్యుడు. నీతిబోధకు మొదటిది సులభము. బాధ్యతానిర్ణయమునకు రెండవది గాఢతరము.

ఇక వర్తమాన విషయమునకు వత్తము. స్పెయినుదేశపు పిరనీసు పర్వతములలో బుకార్డో అను కొండమేకజాతి యుండెడిది. అందు చివరిదగు సీలియా అను ఆడుమేక 2000 జనవరిలో కూలిన చెట్టుక్రింద పడి మరణించెను. అంతకు ముందు 1999లో దాని చర్మకణములను సేకరించి భద్రపరచి యుండిరి. ఆ కణకేంద్రకములను పెంపుడుమేకల అండములలో ప్రవేశపెట్టగా 2003 జూలైలో ఒక పిల్ల పుట్టినది. ఊపిరితిత్తుల లోపముచే అది కొలది నిమిషములలోనే మరణించినది. అంతరించిన జాతి యొకటి మరల పుట్టి, మరల అంతరించినది. ఆ పిల్ల బ్రతికినను దానికి జోడు దొరకదు. ఉన్న కణములు ఒక్క ఆడుమేకవే.

రెండవ ఉదాహరణము అమెరికాలోని కొలాసల్ సంస్థ 2025 ఏప్రిలులో చేసిన ప్రకటన. పదివేల ఏండ్లకు పూర్వమే నశించిన డైర్ తోడేలు మరల వచ్చినదని ఆ సంస్థ చాటినది. ప్రాచీనమగు ఒక దంతమునుండియు, ఒక కపాలమునుండియు జన్యుపదార్థమును గ్రహించి చదివిరి. పిదప నేటి బూడిదవన్నె తోడేలు కణములలో 14 జన్యువులయందు 20 మార్పులు చేసిరి. పెంపుడుకుక్కల గర్భమున మూడు పిల్లలు పుట్టినవి. రెండింటికి రోమునగర పురాణమునుండి రోములస్, రీమస్ అనియు, మూడవదానికి ఒక కాల్పనిక గాథనుండి ఖలీసీ అనియు పేర్లు పెట్టిరి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమునకు చెందిన నిపుణులు ఇవి డైర్ తోడేళ్లు కావని ప్రకటించిరి. మార్పులు పొందిన బూడిదవన్నె తోడేళ్లే యని ఆ సంస్థ ప్రధానశాస్త్రజ్ఞురాలు బెత్ షాపిరోయు పిదప అంగీకరించిరి.

ఇచ్చట కథకును వర్తమానమునకును గల అంతరము స్పష్టమగుచున్నది. కథలో ఎముకలు సింహమువి, లేచినదియు సింహమే. ఆనాటి వివేకి 'ఇది సింహము' అని చెప్పవలసి వచ్చినది. నేటి వివేకి 'ఇది అది కాదు' అని చెప్పవలసి వచ్చినది. రెండు చోట్లను పని యొక్కటే, వస్తునిర్ణయము. భారతకథలో శుక్రుని సంజీవనిచే లేచిన కచుడు కచుడే; తన జ్ఞాపకముతో, తన పనిని మరువక లేచెను. తన జాతి తల్లిగాని మందగాని లేక పుట్టిన పిల్లకు వేట నేర్పువారెవరు? ఆ జాతి నడవడి ఎముకలలో నిలిచియుండదు.

గ్రంథపరిష్కర్తలకు ఈ సమస్య క్రొత్తది కాదు. తాళపత్రమున శిథిలమైన పద్యపాదమును పరిష్కర్త పూరింపవచ్చును. కాని పూరించినది తనదని గుర్తుపెట్టవలెను. గుణాఢ్యుని బృహత్కథ లుప్తమైనది. సోమదేవుని గ్రంథము ఆ కథలను మనకందించినది గాని బృహత్కథయే తానని చెప్పుకొనలేదు. ఆ నిజాయితీ జంతువుల విషయమునను అవసరము.

ఈ విద్య నిష్ప్రయోజనమని దీని భావము కాదు. అమెరికాలో నల్లకాళ్ల ఫెరెట్ అను చిన్నజంతువు అంతరించు స్థితిలో నున్నది. 1988లో శీతలీకరించిన కణములనుండి 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అను పిల్లను పుట్టించిరి. ఆ కణములనుండియే పుట్టిన వేరొక ఫెరెట్ 2024లో పిల్లలను కన్నది. నేడు బ్రతికియున్న ఫెరెట్లన్నియు కొలది పూర్వజంతువుల సంతతియే యగుటచే, లోపించిన జన్యువైవిధ్యము దీనివలన మరల చేరుటకు వీలు కలిగినది. ఇట పేరు మారలేదు, వస్తువు మారలేదు.

పోయిన జాతిని ఎప్పుడైనను తిరిగి తేగలమను నమ్మకము వ్యాపించినచో ఉన్న జాతిని కాపాడుటయందు శ్రద్ధ తగ్గును. తప్పుడు పేరువలన కలుగు నష్టమిదియే. త్రివిక్రమసేనుని తీర్పు ఇట వర్తించును: చూచియు, ఎరిగియు చేసినవానిదే బాధ్యత. ప్రాణము పోయువాడే పేరు పెట్టువాడును ఐనపుడు ఆ బాధ్యత రెట్టింపగును.