చేర్యాల పటం: బొమ్మ నిలిచింది, కథ ఏమైంది?

దుబాయి, షార్జా, అబుధాబి నగరాల్లో తెలుగువారి ఇళ్ళకు వెళ్తే చేర్యాల బొమ్మ తరచు కనిపిస్తుంది. ఎర్రటి నేపథ్యం మీద తాటిచెట్టు ఎక్కుతున్న గౌడు, బతుకమ్మ ఆడుతున్న స్త్రీలు, లేదా గోడకు తగిలించిన రంగుల ముఖాలు. అంతరించిపోతుందనుకున్న కళ ఇంతదూరం వచ్చిందని సంతోషించడం సహజం. కాని బతికి బయటపడినది ఆ కళలో సగమేనని, రెండవ సగం మన కళ్ళముందే మరుగున పడుతోందని నా అభిప్రాయం.

నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాశీ చిత్రకారులు గీసిన పటం, నిజానికి ఇంటి అలంకారం కోసం పుట్టినది కాదు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలుగా పూసి, ఆరబెట్టి, దానిమీద కథను వరుసగా చిత్రించేవారు. వెడల్పు సుమారు మూడడుగులు. పొడవు నలభై అడుగులు దాటిన పటాలు కూడా ఉండేవి. దీన్ని గీయించుకునేవాడు కథకుడు. ఊరూరా తిరిగి, పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క ఘట్టాన్నే విప్పుతూ, బొమ్మను చూపిస్తూ, వాద్యాల తోడుతో రాత్రుళ్ళు కథ చెప్పేవాడు. పటం జీర్ణించిపోతే శాస్త్రోక్తంగా నదిలో కలిపేవారు. అంటే అది వాడుక వస్తువు, పూజ్య వస్తువు కూడా.

ఈ ఉపయోగాన్ని పక్కన పెడితే ఆ చిత్రశైలి మనకు అర్థం కాదు. నేపథ్యమంతా ఎరుపే ఎందుకు? పక్కకు తిరిగిన ముఖంలో అంత పెద్ద కన్ను దేనికి? నాయకుడు ప్రతి ఘట్టంలోనూ అదే వేషంతో ఎందుకు కనబడతాడు? దీపాల వెలుతురులో, దూరంగా కూర్చున్న జనం మధ్య ఆ పటాన్ని ఊహించుకుంటే ఈ లక్షణాలకు పొందిక కనిపిస్తుంది. ఘట్టానికీ ఘట్టానికీ నడుమ గీసిన పూలపట్టీ, కథకుడు ఊపిరి తీసుకునే చోటు. కథ తెలియకుండా చూస్తే పునరుక్తిలా తోచేది, కథతో కలిపి చూస్తే కొనసాగింపు అవుతుంది. వైద్యుడిగా నాకు తోచే పోలిక ఒకటే: రోగి చెప్పిన వివరాలేవీ లేకుండా చేతికొచ్చిన ఎక్స్‌రే లాంటిది, కథ లేని పటం.

ఆ కథలు ఎవరివి? పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేవారు. ముదిరాజులకు కాకిపడగలవారు భారత కథ చెప్పేవారు. గౌడులకు గౌడజెట్టీలు ఉన్నారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం వినిపించేవారు. ఒక్కొక్క కులానికీ ఒక ఆశ్రితకులం, ఆ ఆశ్రితకులానికి తరతరాలుగా హక్కున్న గ్రామాలు: ఇదీ ఆ వ్యవస్థ. గ్రంథాలలో తమకు చోటు దొరకని కులాలు తమ పుట్టుకనూ గౌరవాన్నీ తామే చెప్పించుకున్న చరిత్ర ఈ పురాణాలలో ఉంది. భూమి కంటే ముందే జాంబవంతుడు పుట్టాడని చెప్పే కథ, అంటరానితనాన్ని అనుభవిస్తున్న శ్రోతకు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఆలోచించండి. మన గోడల మీదికి ఎక్కిన చిన్న ఫ్రేములలో ఈ పురాణాలు దాదాపు కనిపించవు. రాధాకృష్ణులు, పల్లె దృశ్యాలు చాలని మార్కెట్టు నిర్ణయించింది. ఆ మార్కెట్టులో మనమూ ఉన్నాం.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి బెంగాల్‌తో పోల్చి చూడవచ్చు. పశ్చిమ మేదినీపూర్ జిల్లా నయా గ్రామంలో పటం గీసే చిత్రకారులే పాట కూడా పాడతారు. కొనుగోలుదారు బొమ్మ కోసం వచ్చినా పాట వినబడుతుంది. తెలంగాణలో గీసేవారు ఒకరు, పాడేవారు మరొకరు. బజారు నకాశీ ఇంటి తలుపు తట్టింది. కథకుడి గుడిసె దాకా పోలేదు. సినిమా, టీవీ వచ్చి శ్రోతలు తగ్గడంతో కథకుడు కొత్త పటం గీయించడం మానాడు. నకాశీ కొత్త కొనుగోలుదారుల కోసం పటాన్ని చిన్న ముక్కలు చేసి బతికాడు. అతన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఆ మార్పు లేకపోతే బొమ్మ కూడా మిగిలేది కాదు.

చట్టం కూడా ఈ చీలికను పూడ్చలేదు. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. కాని 1999లో చేసిన ఆ చట్టం పేరులోనే ఉన్నట్టు అది సరుకులకు సంబంధించినది. కథాగానం సరుకు కాదు కనుక దాని పరిధిలోకి రాదు. మనం ఉంటున్న ఎమిరేట్స్‌లో మరొక దారి కనిపిస్తుంది. బెదూయిన్ స్త్రీల సదూ నేతను 2011లో యునెస్కో తక్షణ పరిరక్షణ జాబితాలో చేర్చింది. అక్కడ గుర్తించినది బట్టను మాత్రమే కాదు, నేర్పును. ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని నేస్తూ కబుర్లు చెప్పుకోవడం, పద్యాలు చదవడం కూడా ఆ వర్ణనలో భాగం. అలా నమోదు చేసినంత మాత్రాన పాత ఎడారి జీవితం తిరిగి రాదు. అయితే దేన్ని కాపాడాలో స్పష్టమవుతుంది.

పాత కులవ్యవస్థను తిరిగి తెమ్మని ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. ఆశ్రితకులాల బతుకులో యాచన ఉంది, అవమానం ఉంది. అందుకే కథకుణ్ణి గ్రామ హక్కుల మీద ఆధారపడిన మనిషిగా కాక, పారితోషికం అందుకునే కళాకారుడిగా పిలవాలి. గల్ఫ్‌లోని మన సంఘాలు ఉగాదికో సంక్రాంతికో గాయకులనూ హాస్యనటులనూ పిలుస్తూనే ఉన్నాయి. ఒక ఏడు కూనపులివారినో డక్కలివారినో పటంతో సహా పిలవవచ్చు. నకాశీ వద్ద ఒక పూర్తి పురాణపటం గీయించి, దాన్ని చెప్పగల కథకుడికే ఇవ్వవచ్చు. చెప్పిన కథను అతని అనుమతితో, అతని పేరుతో రికార్డు చేసి, అక్షరబద్ధం చేయవచ్చు. పటాన్ని మళ్ళీ గీయగల చేతులు చేర్యాలలో ఇంకా ఉన్నాయి. రాత్రంతా కథ చెప్పగల వృద్ధుడు వెళ్ళిపోతే, ఆ పటంలోని మనుషులు ఎవరో చెప్పేవారు ఉండరు.