శ్యమంతకం నుండి ముక్కెర దాకా: భామాకలాపంలో సత్యభామ

శ్యమంతకోపాఖ్యానాన్ని శాపగ్రస్తమైన రత్నం కథగా సంగ్రహించడం సులభం. మణిని ధరించి వేటకు వెళ్లిన ప్రసేనుడు సింహం వాతబడ్డాడు. ఆ సింహం జాంబవంతుని చేతిలో చచ్చింది. సత్రాజిత్తును శతధన్వుడు నిద్రలోనే చంపగా, శతధన్వుని కృష్ణుడు సంహరించాడు. అయితే ఈ మరణపరంపరకు కారణం మణియేనా అన్నది పరిశీలించవలసిన అంశం.

భాగవతం ప్రకారం ఆ మణి దినానికి ఎనిమిది బారువుల బంగారాన్ని ఇస్తుంది. కరవును, అకాలమరణాన్ని దరిచేరనీయదు. శుచి లేనివాడు ధరిస్తే అది అతనినే హతమారుస్తుందని విష్ణుపురాణం నియమం చెప్పింది. అంటే దోషం రత్నానిది కాదు, ధరించినవానిది. కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని భావించే హోప్ వజ్రం కథ ఇందుకు భిన్నమైనది. దానిని ఫ్రాన్సు రాజుకు అమ్మిన టావెర్నియే కుక్కల పాలయ్యాడని ప్రచారం. నిజానికి అతడు ఎనభై ఏళ్లు దాటి బతికాడు. ఆ శాపకథ విస్తరించింది 20వ శతాబ్ది తొలి దశకాల్లో. అక్కడ నేరమంతా రాతి మీద మోపడం వల్ల మనుషుల బాధ్యత మరుగున పడింది.

పురాణకథలో నింద మోసినవాడు కృష్ణుడు. వినాయకచవితినాడు అక్షతలు చేతబట్టి మనం వినేది ఆ నీలాపనింద తొలగిన కథనే. కాని నిందకు పరిహారంగా సత్రాజిత్తు మణితోపాటు కూతురిని కూడా సమర్పించాడు. కృష్ణుడు మణిని తిరిగి ఇచ్చి, సత్యభామను స్వీకరించాడు. భాగవతంలో అక్రూర కృతవర్మలు ఆమెను కన్యారత్నమనే పేర్కొన్నారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఆమె ఇష్టాన్ని అడిగినవారు లేరు. తండ్రి హత్య తరువాత, శవాన్ని తైలద్రోణిలో ఉంచి హస్తినాపురానికి వెళ్లి భర్తకు విన్నవించినప్పుడే ఆమె స్వయంగా కదిలింది.

సిద్ధేంద్రయోగి రచనగా కూచిపూడి భాగవతులు ప్రదర్శిస్తూ వచ్చిన భామాకలాపం ఈ లోటును పూరిస్తున్నది. ఇందులో ఇతివృత్తం మణి చుట్టూ కాక సత్యభామ మనస్సు చుట్టూ తిరుగుతుంది. ప్రవేశదరువులో ఆమె తన్ను తానే పరిచయం చేసుకొంటుంది. విరహంలో లేఖ రాస్తుంది. రాయబారానికి ప్రతిఫలంగా మాధవి ముక్కెరను అడిగే ఘట్టం ఈ దృష్టితో చూస్తే కేవలం హాస్యం కాదు. రాజు కోసం అడిగినా సత్రాజిత్తు మణిని వదలలేదు. అతని కూతురు సౌభాగ్యచిహ్నమైన నగ దగ్గర తటపటాయించి, చివరకు ప్రేమ కోసం దానిని వదులుకొంటుంది. తండ్రి లోభానికి కూతురి త్యాగం సమాధానమైంది.

ఈ రెండు ఘట్టాలను కలాపకర్త ఉద్దేశపూర్వకంగా జోడించాడని చెప్పడానికి ఆధారం లేదు. అయినా శ్యమంతకకథ ఎరిగిన ప్రేక్షకునికి ఆ పోలిక స్ఫురించక మానదు. పురాణంలో రత్నంతోపాటు చేతులు మారిన స్త్రీ, కూచిపూడి రంగస్థలంపై ఇచ్చే అధికారం గల వ్యక్తిగా నిలిచింది. ఆమె గర్వాన్ని కేవలం దోషంగా లెక్కించే విమర్శ ఈ పరిణామాన్ని విస్మరిస్తున్నది.